ఎవరి వెంట్రుక

నమోదు 1
కట్ట బయట నీరు: నాలుగు మీటర్ల ఇరవై. లోపల: పొడి.

ఈ కాగితం పుస్తకం పెట్టమన్నది చిన్నంనాయుడు గారు. మా యంత్రశాలకి పెద్ద ఆయనే.

"ఉలి కొత్తది ఒచ్చినపుడల్లా పాత రికార్డులన్నీ తనకి సరిపడేటట్టు దిద్దీసుకుంటంది. నిన్న మనం ఏటి సేసినామో రేపు దానికే తెలీదు. నువ్వు సేత్తో రాయి. కాయితం మీద అది సెయ్యెట్టలేదు" అన్నాడు.

నా పేరు ఎల్లాజీ. వయసు ఇరవై మూడు. చదువు ఏడో తరగతి. ఎనిమిదో తరగతి గది ఇప్పుడు సముద్రంలో ఉంది. మిగతాది నేనే నేర్చుకున్నాను, ఉలి పాత రకాల సహాయ పుటలు ఒక్కొక్కటీ చదువుకుంటూ. నేర్పినవాడు ఎవడూ లేడు కాబట్టి ఎవడికీ దండం పెట్టక్కర్లేదు.

ఉలి మా సాఫ్ట్‌వేర్. వస్తువు ఎలా ఉండాలో చెబితే బొమ్మ అదే గీస్తుంది, లేత్ చేత అదే కోయిస్తుంది. పదో ఉలి వరకూ తెర ఉండేది. ఒక్క రంధ్రం పెట్టాలంటే పద్నాలుగు గడులు నింపాలి. బొత్తాలు గోరంత. మా వేళ్ళకి ఎప్పుడూ నూనె. నూనె వేలు పడితే పక్క బొత్తాం నొక్కినట్టు అనుకునేది. దాన్ని తయారు చేసినవాళ్ళు జన్మలో చేతులు మురికి చేసుకోలేదని నాకు మూడో రోజే అర్థమైంది.

ఈ రోజు పదకొండో ఉలి వచ్చింది. తెర లేదు. మాట వినడానికి జల్లెడలాంటి మూత, ఒక పచ్చ దీపం. నోటితో చెప్పు, చేస్తుంది. పదోది ప్రతి దానికీ అడిగేది: ఎంత? ఎక్కడ? నిశ్చయమేనా? ఈ ప్రశ్నలు విసిగిస్తున్నాయని సముద్రాన్ని ఆపే కట్టల ఊళ్ళన్నిటి నుంచీ ఫిర్యాదులు వెళ్ళాయి. నేనూ రాశాను, బూతు ఒకటి కలిపి. అందుకని పదకొండోదాంట్లో ప్రశ్నలన్నీ తీసేశారు. ఇది ఏమీ అడగదు. దానితో వచ్చిన కాగితం మీద "మీ సమయాన్ని గౌరవిస్తున్నాం" అని ఉంది.

కానీ దానికి వచ్చింది పుస్తకాల తెలుగు. "కూసింత గీకు" అంటే దీపం ఎర్రగా అయింది. దానికి "మాటసంచి" అని ఒకటి ఉంది. మన మాట వేసి, పక్కన అర్థమో అంకో వేస్తే నేర్చుకుంటుంది. ఎవరు చేస్తారని చిన్నంనాయుడు గారు అడిగితే నేను చెయ్యెత్తాను. ఇంకెవరూ ఎత్తలేదు.

నమోదు 4
బయట: నాలుగు ముప్పై. లోపల: పొడి.

మాటసంచిలో ఇప్పటికి రెండొందల పన్నెండు మాటలు వేశాను. పిసరు, రవ్వంత, బిగువు, వదులు, నూలు, ఒరుపు. ఎక్కువ మాటలు అసిరత్త నోట్లోంచే వచ్చాయి.

అసిరత్త అసలు పేరు అసిరమ్మ. వరసకి నాకు ఏమీ కాదు, అందరికీ అత్తే. ముప్పై ఒక్క ఏళ్ళుగా కట్ట పంపులకి బుష్‌లు చేస్తోంది. బుష్ అంటే పంపు షాఫ్ట్ తిరిగే కంచు గొట్టం, గాజు కంటే కొంచెం లావు. అది వదులైతే షాఫ్ట్ ఊగుతుంది. షాఫ్ట్ ఊగితే పంపు నీరు తాగదు. పంపు తాగకపోతే దిగువ వీధి తాగుతుంది. అసిరత్త ఇల్లు దిగువ వీధిలోనే.

బుష్‌కి వదులు ఎంత ఉండాలత్తా అని అడిగితే "రెండెంట్రుకలు" అంది. అదొక్కటే చెప్పింది.

సరదాకి చెప్పలేదు. తల్లోంచి రెండు వెంట్రుకలు లాగుతుంది. బుష్‌లో ఇటొకటి అటొకటి పెట్టి షాఫ్ట్ తోస్తుంది. వెంట్రుకలతో తోస్తే పట్టుకోవాలి, తీసేస్తే తిరగాలి. ఆమెకి నేర్పిన మేస్త్రీ అలాగే చేసేవాడట.

నేను ఊరుకుంటానా. నా తల్లోంచి ఒకటి పీకి మైక్రోమీటర్‌లో పెట్టాను. తొంభై మైక్రాన్లు. వెంట్రుక = తొంభై. మాటసంచిలో వేసేశాను. నిమిషం పట్టింది. డిగ్రీల వాళ్ళైతే దీనికి ఆర్నెల్లు కమిటీ వేసుకునేవాళ్ళు.

అసిరత్త చూసి నవ్వింది. "ఒరే ఎల్లాజీ, నీ తలకాయలోది జుత్తేట్రా, కొబ్బరిపీసు. మీ యమ్మ ఎన్ని దువ్వెన్లు ఇరక్కొట్టుకుందో."

తర్వాత చేర్చింది: ఆ మాట నేను జోకుగానే తీసుకున్నాను. ఈ పేజీ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తున్నాను.

నమోదు 9
బయట: నాలుగు ముప్పై. లోపల: పొడి.

అసిరత్త ఈ రోజు ఉలితో మాట్లాడింది. "మూడో పంపు బుష్షు. రెండెంట్రుకలు వదులు" అంది. పచ్చ దీపం. లేత్ తిరిగింది. బుష్ వచ్చింది.

"మా ముసిలోడికి ముప్పైయేళ్ళు సెప్పినా ఒక్క మాట ఎక్కనేదు. దీనికి ఒక్కసారికే ఎక్కీసినాది" అంది. అందరూ నవ్వారు. నేను కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

బుష్‌ని చేతిలోకి తీసుకుని వేలితో లోపల రెండుసార్లు తిప్పింది. ఒక క్షణం ఆగింది. "సేతి లేత్ మీద ఒకటి తిప్పి సూడనా?" అని నన్ను అడిగింది. చేతి లేత్‌కి కూడా పదకొండో ఉలి తాళం వేసింది, భద్రత అని. తాళం నా దగ్గరుంది. "దేనికత్తా, ఇది నీ మాటే కదా విన్నది" అన్నాను. సరేలెమ్మని నాచు టీ తాగడానికి వెళ్ళిపోయింది.

టీ దగ్గర రోజూ నా చేత ఈ పుస్తకం చదివించుకుంటుంది. తనకి చదువు రాదు. తన పేరు వచ్చిన చోటల్లా "ఊఁ" అంటుంది.

ఈ వారంలో ఆరు పంపులకీ కొత్త బుష్‌లు వేశారు.

నమోదు 16
బయట: నాలుగు నలభై. లోపల: అరికాలు తడి.

పంపుల దగ్గరుండే గవరయ్య వచ్చాడు. మనిషి మామూలుగా నవ్వుతాడు, ఈ రోజు నవ్వలేదు.

"మూడోది పూనకం ఒచ్చినట్టు ఊగుతంది. అయిదోది కూడా మొదలెట్టీసింది. మీరు పంపినియి బుష్షులా, గాజులా?"

నాకు కాలింది. "మావి సరిగ్గానే ఉన్నాయి. నీ షాఫ్టులు అరిగిపోయుంటాయి" అన్నాను.

"షాఫ్టులు కొత్తవి బాబూ. నువ్వే సేసినావు, పోయిన నెల."

నమోదు 18
బయట: నాలుగు నలభై. లోపల: చీలమండ.

ఈ నమోదు రాయడానికి మూడు రోజులు పట్టింది. తేదీ ప్రకారం పద్దెనిమిదే వేస్తున్నాను.

చిన్నంనాయుడు గారు పదకొండు మందినీ పిలిచి ఉలిని అడిగాడు. ఉలి రికార్డు వినిపించింది. అసిరత్త గొంతు: "రెండెంట్రుకలు వదులు." తర్వాత ఉలి: "అడిగినదే తయారైంది." పచ్చ దీపం.

"మరేటి తేడా?" అన్నాడు ఆయన.

అందరూ నా వైపు చూశారు, మాటసంచి నాది కాబట్టి. నాకు కనిపించింది ఒక్కటే: ఈ ఏడో తరగతి వాడికి ఎందుకిచ్చారు అని ఇప్పుడు అంటారు. ఆ మాట రాకముందే నేను నోరు తెరిచాను.

నేనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మాటసంచి తప్పు కాదు, నేను కొలిచి పెట్టాను. యంత్రం తప్పు వినదు. అత్తకి చూపు ఆనడం లేదు, వేళ్ళకి స్పర్శ పోయింది. రెండో మూడో తనకే తెలీదు. నోటికొచ్చింది చెప్పింది. వయసైపోయిన చేతులకి ఊరిని ఎలా అప్పజెప్పారు?"

చూపు ఆనడం లేదని నాకు ఎవరూ చెప్పలేదు. స్పర్శ పోయిందని నేను ఎప్పుడూ చూడలేదు. అక్కడికక్కడే పుట్టించాను.

అసిరత్త తన వేళ్ళు చూసుకుంది. తర్వాత, "ఒక్క బుష్షు సేత్తో తిప్పి సూపిస్తాను. తాళం తీయి" అంది.

"టైము లేదు" అన్నాను.

లేత్ మీద పనిచేసే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, మేకుకి వేలాడుతూ. ఎవరూ అడగకముందే తనది తీసింది. చీర చెంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. చిన్నంనాయుడు గారు ఆమెను కడుగుడు బల్లకి వేశాడు. అక్కడ ముక్కలకి అంటిన నూనె, కంచు పొట్టు కడగడం పని.

"సరే బాబూ" అంది. ఆయన్ని కాదు. నన్ను.

నమోదు 21
బయట: నాలుగు యాభై. లోపల: పిక్క.

ఇప్పుడు బుష్‌లు నేను చేస్తున్నాను. "రెండు వెంట్రుకలు వదులు" అంటాను. పచ్చ దీపం. గవరయ్య పట్టుకెళ్తాడు, మర్నాటికి తిరిగొస్తాడు. ఊగుతూనే ఉంది. ఆరింట్లో నాలుగు ఊగుతున్నాయి. ఒకటిన్నర వెంట్రుక అన్నాను. పచ్చ దీపం వచ్చింది కానీ బుష్ చూస్తే రెండే వచ్చింది. అరలు పట్టవు కాబట్టి దగ్గర్లో ఉన్నదానికి జరిపేసిందట, వాడుకరి సౌకర్యం కోసం. జరిపానని చెప్పదు. అడిగేది కాదు కదా. ఒక వెంట్రుక అంటే షాఫ్ట్ వేడెక్కి పట్టేస్తుందని ఆ మాట అనలేదు. దీన్ని గీసినవాడి ఇంట్లో నీళ్ళు రావాలి.

నీళ్ళు వచ్చింది అసిరత్త ఇంట్లోకి. మంచం కింద ఇటుకలు పెట్టుకున్నారు. పనికి వచ్చేటప్పుడు చీర పిక్కల పైకి కట్టుకుని వస్తోంది. కడుగుడు బల్ల దగ్గర నిలబడి కడుగుతుంది. నేను ముక్కలు తెచ్చి పెడితే "అక్కడ ఎట్టండి బాబూ" అంటోంది.

ఇన్నాళ్ళూ ఒరే అనేది. ఎవరి చేతనైనా అండీ అనిపించుకుంటే బాగుంటుందని చిన్నప్పటి నుంచీ అనుకునేవాడిని. ఇలా ఉంటుందని తెలీదు.

నమోదు 24
బయట: నాలుగు యాభై. లోపల: మోకాలి కింద.

పొద్దున్న స్టోరు గదిలోకి వెళ్ళాను, పాత బుష్ ఏదైనా దొరికితే వేసి చూద్దామని. అడుగు అరలో నూనె కాగితం చుట్టలు దొరికాయి. అసిరత్త చేసినవి, పన్నెండేళ్ళ కిందటివి. ఒకటి విప్పాను.

బుష్ చుట్టూ రెండు వెంట్రుకలు చుట్టి ముడేసి ఉన్నాయి. రెండోది విప్పాను. దానికీ రెండు. అన్నిటికీ రెండేసి. ఏ వెంట్రుకలతో సరిచూసిందో ఆ వెంట్రుకలతోనే కట్టి దాచింది, తర్వాత వచ్చేవాడు చూసుకుంటాడని.

మైక్రోమీటర్ తెచ్చాను. వెంట్రుక పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే లేదు, సాలీడు దారంలా ఉంది. నలభై ఎనిమిది మైక్రాన్లు. ఇంకోటి. నలభై ఎనిమిది. తొమ్మిది చుట్టలు విప్పి చూశాను. నా వెంట్రుకలో దాదాపు సగం.

ఆమె రెండు వెంట్రుకలు అన్నప్పుడల్లా ఉలి నా వెంట్రుకలు రెండు కోసింది.

మాటసంచిలో అన్ని మాటలు ఆమె నోట్లోంచి తీసుకుని వేశాను. వెంట్రుక దగ్గరికి వచ్చేసరికి నా తలకాయ పీకి పెట్టాను. ఆమె తల నాకు రెండు అడుగుల దూరంలో ఉంది. "కొబ్బరిపీసు" అని చెప్పింది కూడా.

స్టోరు గదిలో కూర్చుండిపోయాను. బయట టీ గంట కొట్టారు. వెళ్ళలేదు.

నమోదు 25
బయట: నాలుగు నలభై. లోపల: పిక్క.

తొంభై తీసేసి నలభై ఎనిమిది వేశాను. బుష్‌లు చేశాను. గవరయ్య పట్టుకెళ్ళాడు. మధ్యాహ్నానికి మూడో పంపు ఊగడం మానేసింది.

ఎవరికీ చెప్పలేదు. "ఒక చిన్న సర్దుబాటు" అన్నాను.

సాయంత్రం షిఫ్టు దిగే ముందు ఉలి పాత రికార్డు మళ్ళీ వినిపించమన్నాను. చిన్నంనాయుడు గారు చెప్పింది నిజం. అది దిద్దేసుకుంది. వెంట్రుక మొదటి నుంచీ నలభై ఎనిమిదే అంటోంది. మరి ఆ ఆరు బుష్‌లు ఎందుకు వదులయ్యాయి అని అడిగితే, "కార్మికురాలి పొరపాటు" అంది. ఆమె పేరు చదివింది. పచ్చ దీపం.

ఇప్పుడు తొంభై అనే అంకె లోకంలో ఒకే చోట ఉంది. ఈ పుస్తకంలో, నాలుగో నమోదులో. ఆ పేజీ చింపితే ఎవరికీ తెలీదు. చింపడానికి అంచు పట్టుకున్నాను. అది కూడా రాస్తున్నాను.

నమోదు 27
బయట: నాలుగు ముప్పై. లోపల: అరికాలు తడి.

ఆరు పంపులూ తాగుతున్నాయి. గవరయ్య నన్ను వాటేసుకున్నాడు. చిన్నంనాయుడు గారు అందరి ముందూ వీపు తట్టాడు. "ఇస్కూలు లేపోతేనేటి, బుర్రుంది" అన్నాడు. వీపు మీద ఆ చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంది, తోముకున్నా పోలేదు.

టీ దగ్గర అసిరత్త వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇన్ని రోజుల తర్వాత.

"పుస్తకం సదవండి బాబూ. పంపులు ఎలగ బాగయినాయో రాసినారు గదా."

చదివాను. పద్దెనిమిది వదిలేశాను. ఇరవై ఒకటి, ఇరవై నాలుగు వదిలేశాను. ఇరవై అయిదులో చిన్న సర్దుబాటు అన్న ముక్క ఒక్కటే చదివాను. పేజీలు రెండేసి తిప్పాను. ఆమె గ్లాసు పట్టుకుని విన్నది.

"నా పేరు రాలేదేటి?"

"ఈ మధ్య మీ పని లేదు కదత్తా" అన్నాను. అత్త అంటూనే మీరు అన్నాను. నా నోరు కూడా మారిపోయింది.

అప్పుడు చూశాను. ఆమె కొంగు ముడిలో బియ్యపు గింజలు ఉన్నాయి. కళ్ళు మూసుకుని ఒక్కో గింజనీ బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య దొర్లిస్తోంది. ఏం చేస్తున్నారని అడిగాను.

"నిండు గింజేదో ముక్క గింజేదో తెలస్తందా నేదా అని. రోజూ సూసుకుంటన్నాను. తెలస్తన్నట్టే ఉంటాది. కానీ మీరు సెప్పినారు గదా బాబూ, పోయిందని. ఆ బుష్షు పట్టుకున్ననాడు నాకు ఒదులనిపించినాది. రెండు కాదు, నాలుగున్నాయి అనిపించినాది. మిసను రెండంటంది, మీరు కొలిసినానంటన్నారు. మరి నా యేళ్ళే సచ్చిపోనాయి కావాల అనుకున్నాను."

ఆమె చెప్పిన నాలుగు కొలిస్తే దాదాపు సరిపోతుంది. నా వెంట్రుకలు రెండు కలిపి నూట ఎనభై, అందులో ఆమె నలభై ఎనిమిదులు మూడూ ముప్పావు. వేలితో తాకి చెప్పింది.

గింజలు మళ్ళీ ముడేసుకుంది. నేను టీ పారబోసి లేచాను.

నమోదు 28
బయట: నాలుగు ముప్పై. లోపల: పొడి.

పొద్దున్న హాజరు వేశాక, పోనివ్వకుండా పదకొండు మందినీ నిలబెట్టాను. పుస్తకం మొదటి నుంచి చదివాను. నాలుగు చదివాను. పద్దెనిమిది చదివాను, నేనన్న మాటలతో సహా. ఇరవై నాలుగు, ఇరవై అయిదు. పేజీ అంచు పట్టుకున్నది కూడా. బుష్ కోసం వచ్చి నిలబడిన గవరయ్య నేల చూశాడు. నాకు కోపం వస్తే మాటలు బాగా వస్తాయి, ఈ రోజు ఒక్కటీ సొంతంగా రాలేదు. రాసింది చదవడమే.

చదవడం అయ్యాక నన్ను కడుగుడు బల్లకి వెయ్యమన్నాను.

చిన్నంనాయుడు గారు హాజరు పుస్తకం మూశాడు. తర్వాత అన్నాడు: "కడగడం శిక్షేటి? పది రోజులు అత్త సేసింది పని కాదా? నీ మనసు తేలిక సేసుకోడానికి నా బల్ల ఇవ్వను. నీ లేత్ కాడే నిలబడు. అందరూ సూస్తారు, సూడనీ."

ఆయనే బల్ల సొరుగులోంచి ఇత్తడి బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అసిరత్త నన్ను తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వచ్చాను. దానికోసమే వచ్చానేమో కూడా. ఆమె చెయ్యి తిప్పి వేళ్ళు చూసుకుంది, అటూ ఇటూ.

"అయితే ఈటికి ఏటీ అవనేదన్నమాట" అంది, ఎవరితోనో తెలీకుండా.

నమోదు 31
బయట: నాలుగు ఇరవై. లోపల: పొడి.

ఉలి ఏమీ అడగదు. దాని చేత అడిగించాలని మూడు రోజులు దానితో కుస్తీ పట్టాను. మాటసంచిలో వెంట్రుక పక్కన అంకె తీసేస్తే గడి ఖాళీగా ఉండకూడదంటుంది. సున్నా వేస్తే బుష్ షాఫ్ట్‌కి అతుక్కుంది. చివరికి అంకె గడిలోనే ఒక ప్రశ్న రాశాను. గడిలో అంకె లేకపోతే ఉలి అందులో ఉన్నది పైకి చదివి జవాబు వచ్చేదాకా లేత్ ఆపుతుంది. అది దాని లోపం. పైవాళ్ళకి తెలిస్తే పన్నెండో ఉలిలో దిద్దేస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, మళ్ళీ ఎలా చేయాలో. ఒక్కొక్కరి వెంట్రుకా విడిగా కొలిచి పెట్టాను. పదకొండు తలలు, పదకొండు అంకెలు. ఒకటి కూడా ఇంకోదానిలా లేదు.

చేతి లేత్ తాళం అసిరత్తకి ఇచ్చాను.

ఈ రోజు రెండో పంపుకి బుష్ కావాలి. ఆమె బిళ్ళ మేకుకి తగిలించి, జల్లెడ ముందు నిలబడి చెప్పింది: "రెండెంట్రుకలు వదులు."

దీపం పచ్చగా కాలేదు. రేడియో గొంతుతో ఉలి అడిగింది: "ఎవరి వెంట్రుకలు?"

యంత్రశాల అంతా ఆగి చూసింది. అసిరత్త నడుం మీద చెయ్యేసుకుంది.

"నావే. మరెవరియనుకున్నావు, ఆ కొబ్బరిపీసోడియా?"

అందరూ పగలబడి నవ్వారు. పచ్చ దీపం వెలిగింది. లేత్ తిరిగింది. నేను కూడా నవ్వి, దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను, పాత రోజుల్లోలా. ఆమె కంచు ముక్క మీంచి కళ్ళు తిప్పకుండానే అంది:

"కొంచెం అటు జరగండి బాబూ. ఎలుతురు పడ్డం నేదు."

జరిగాను.

ఈ రోజు కూడా ఒరే అనలేదు. అది కూడా రాసి ఉంచుతున్నాను.